సగటు మనిషి కొలత - అసలు మనిషి ఆకలి

రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మొత్తం దాదాపు 1200 గ్రాముల ఆహారం. దాని నుంచి లభించే శక్తి 2000 కెలోరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు భారతీయుడి ముందు ఉంచిన నమూనా కంచం ఇది. దేశంలోని వ్యాధిభారంలో 56.4 శాతానికి అనారోగ్యకరమైన ఆహారమే కారణమని ఆ సందర్భంగా సంస్థ ప్రకటించింది. వ్యాధి నిర్ధారణను కాదనేవారు లేరు. ఔషధం విషయంలోనే సందేహమంతా. మండుటెండలో ఇటుకలు మోసే కూలీకి, చల్లని గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగికి, నిండు గర్భిణికి, మధుమేహంతో బాధపడే వృద్ధుడికి ఒకే కంచం సరిపోతుందా?

ఈ ప్రశ్న వంటింటికే పరిమితమైనది కాదు. మన దేశంలో పోషకాహార శాస్త్రజ్ఞులు వేసే లెక్కలు పుస్తకాలలో ఉండిపోవు. పేదరికపు రేఖ ఆ లెక్కల మీదే గీశారు. చౌకధరల దుకాణంలో తూచే బియ్యం, బడిలో వడ్డించే మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీలో పిల్లలకు పెట్టే ఆహారం ఆ కొలతల నుంచే పుట్టాయి. కొలతలో దొర్లే చిన్న తేడా కోట్లాది విస్తళ్లలో ప్రతిబింబిస్తుంది. అందువల్ల సగటు మనిషి కోసం రూపొందించిన సూత్రాలు అసలు మనుషులకు ఎంతవరకు వర్తిస్తాయన్నది ప్రభుత్వాలు, పౌరులు కూడా ఆలోచించవలసిన విషయం.

కూనూరు నుంచి హైదరాబాద్ దాకా

ఈ కొలతల చరిత్ర వందేళ్లు దాటింది. నీలగిరులలోని కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు నెలకొల్పిన చిన్న విభాగమే నేటి జాతీయ పోషకాహార సంస్థకు మూలం. దేశంలోని వివిధ ప్రాంతాల ప్రజలు తినే ఆహారాన్ని ఎలుకలకు పెట్టి, గోధుమలు, పాలు, కూరగాయలతో కూడిన పంజాబీ ఆహారంతో పెరిగిన ఎలుకలు పుష్టిగా ఉండగా, పాలిషు బియ్యమే ప్రధానంగా గల మద్రాసు ఆహారంతో పెరిగినవి కృశించాయని ఆయన చూపారు. 1937లో ఆక్రాయిడ్ భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికను ప్రచురించారు. ఏ పోషకం రోజుకు ఎంత కావాలన్న సిఫారసులు 1944లో తొలిసారిగా వెలువడ్డాయి. 1958లో ఈ పరిశోధనాలయం హైదరాబాద్‌కు తరలివచ్చింది. సామాన్యుడిని ఉద్దేశించిన ఆహార మార్గదర్శకాలు మాత్రం 1998లో గానీ రాలేదు. 2011లో వాటిని సవరించారు. 2024 నాటి ప్రతిలో మార్గదర్శకాల సంఖ్య 17.

ఆనాడు సమస్య సూటిగా ఉండేది. తిండి చాలక జనం చనిపోతున్నారు. ఎంత తింటే బతుకుతారో చెప్పడమే శాస్త్రం పని. ఈనాటి చిత్రం అంత సరళమైనది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లలలో 35.5 శాతం వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. స్త్రీలలో 18.7 శాతం ఉండవలసిన దానికన్నా సన్నగా ఉండగా, 24 శాతం అధిక బరువుతో ఉన్నారు. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో మధుమేహ రోగుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది. ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే ఇంటిలో, తిండి చాలని బిడ్డ, తిండి ఎక్కువైన పెద్ద కలిసి జీవిస్తున్నారు. ఇద్దరికీ ఒకే హితబోధ చేయడం ఎలా?

65 కిలోల ఆదర్శ పురుషుడు

పోషకాహార లెక్కలకు ఒక ఊహాపురుషుడు ఆధారం. ఆయన వయసు 19 నుంచి 39 ఏళ్ల మధ్య. ఏ జబ్బూ లేదు. బరువు 2010 సిఫారసులలో 60 కిలోలు, 2020 సిఫారసులలో 65 కిలోలు. ఆయనకు జోడుగా నిలిచే ఊహాస్త్రీ బరువు 55 కిలోలు. కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు 2110 కెలోరీలు చాలునని, కాయకష్టం చేసేవాడికి 3470 కావాలని 2020 నివేదిక పేర్కొన్నది. స్త్రీల విషయంలో ఈ అంకెలు 1660, 2720. అంటే కదలని ఉద్యోగం చేసే స్త్రీ అవసరానికి, బరువులు మోసే పురుషుడి అవసరానికి మధ్య తేడా రెట్టింపుకు పైమాటే. 2000 కెలోరీల కంచం మొదటి వారికి ఎక్కువ, రెండవ వారికి బొత్తిగా చాలదు.

శాస్త్రజ్ఞులకు ఈ సంగతి తెలియక కాదు. 2020 నివేదిక రెండు రకాల కొలతలను విడమరచి చెప్పింది. మొదటిది సగటు అవసరం. జనాభాలో సగం మందికి అది సరిపోతుంది, మిగిలిన సగానికి చాలదు. రెండవది సిఫారసు మోతాదు. ప్రతి వంద మందిలో 97 మందికి పైగా అవసరాన్ని తీర్చేలా దీనిని ఎత్తున నిర్ణయిస్తారు. స్త్రీకి రోజుకు ఇనుము సగటు అవసరం 15 మిల్లీగ్రాములు కాగా, సిఫారసు మోతాదు 29 మిల్లీగ్రాములు. 29 మిల్లీగ్రాములు అందని స్త్రీలందరికీ ఇనుము లోపం ఉన్నదని లెక్క కట్టడం ఎంత తప్పో, 15 అందితే చాలునని ఒక వ్యక్తికి చెప్పడమూ అంతే తప్పు. సమూహాన్ని అంచనా వేసే కొలత వేరు, వ్యక్తికి సలహా ఇచ్చే కొలత వేరు. ప్రభుత్వ పత్రాలలోనూ, పత్రికా ప్రకటనలలోనూ ఈ రెండూ తరచు కలగాపులగం కావడమే చిక్కు.

శక్తి విషయంలో మరో మెలిక ఉన్నది. ఇతర పోషకాల మాదిరిగా కెలోరీలకు భద్రత కోసం అదనపు మోతాదు కలపరు. కలిపితే జనాభాలో ఎక్కువ మంది లావెక్కుతారు. కనుక కెలోరీల అంకె ఎప్పుడూ సగటు మాత్రమే. దానికి అటూ ఇటూ ఉండేవారే అధికం.

పేదరికాన్ని కొలిచిన కెలోరీ

సగటు అంకె పట్టుకుని ఒక్కొక్క మనిషినీ లెక్కించవచ్చా అన్న వివాదం మన ఆర్థిక శాస్త్రంలో దశాబ్దాల నాటిది. పేదరికంపై 1971లో వెలువడిన సుప్రసిద్ధ అధ్యయనంలో వి.ఎం.దండేకర్, నీలకంఠ రథ్ రోజుకు 2250 కెలోరీలు కొనలేని వారిని పేదలుగా గణించారు. ప్రణాళికా సంఘం నియమించిన కార్యబృందం 1979లో గ్రామాలకు 2400, పట్టణాలకు 2100 కెలోరీలు ప్రాతిపదికగా నిర్ణయించింది. గ్రామీణులు ఎక్కువ శారీరక శ్రమ చేస్తారన్నది ఆ తేడాకు కారణం. 1973-74 ధరలలో ఆ మేరకు తినగలిగే కుటుంబాల తలసరి నెలసరి ఖర్చు గ్రామాలలో 49.09 రూపాయలు, పట్టణాలలో 56.64 రూపాయలుగా తేలింది. అదే పేదరికపు రేఖ అయింది.

గణాంక శాస్త్రవేత్త పి.వి.సుఖాత్మే దీనిని గట్టిగా ప్రశ్నించారు. మనిషికీ మనిషికీ మధ్యనే కాదు, ఒకే మనిషిలో కూడా వారానికీ వారానికీ శక్తి అవసరం మారుతుందని, శరీరం కొంత మేరకు సర్దుకుంటుందని, కాబట్టి సగటు కన్నా తక్కువ తినే ప్రతివాడినీ ఆకలితో ఉన్నవాడిగా పరిగణించరాదని ఆయన వాదన. గణాంకాల దృష్టితో చూస్తే అందులో నిజం ఉన్నది. దానిని సాగదీస్తే వచ్చే ప్రమాదమూ ఉన్నది. పొట్టిగా, తక్కువ బరువుతో ఉన్నా ఆరోగ్యంగానే ఉండవచ్చన్న సిద్ధాంతాన్ని 1980 దశకంలో కొందరు ముందుకు తెచ్చినప్పుడు, పోషకాహార శాస్త్రజ్ఞుడు సి.గోపాలన్ తీవ్రంగా ప్రతిఘటించారు. చిన్న శరీరం పేదవాడికి మాత్రమే చాలునా, ధనికుడికి అక్కరలేదా అన్నది ఆయన నిలదీత. సర్దుకుపోవడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. తిండి తగ్గితే శరీరం పెరుగుదలను, పనిని, చురుకుదనాన్ని బలిపెట్టి సర్దుకుంటుంది. వ్యక్తుల మధ్య తేడాలున్నాయన్న సత్యం, అవసరాలు తీర్చవలసిన బాధ్యత నుంచి తప్పించుకునే సాకు కారాదని ఆ వివాదం నేర్పింది.

కెలోరీల ముడి 2009లో టెండూల్కర్ సంఘం నివేదికతో సడలింది. పొరుగు దేశాలలోనూ ఇదే తంతు. బంగ్లాదేశ్ తలకు 2122 కెలోరీలను, పాకిస్థాన్ వయోజనుడితో సమానమైన ఒక్కొక్క ప్రమాణానికి 2350 కెలోరీలను పేదరికపు లెక్కలకు ప్రాతిపదిక చేసుకున్నాయి. అయితే అంకెలకు అర్థం కాలంతో మారుతుంది. 2022-23 వినియోగ సర్వే ప్రకారం మన గ్రామాలలో తలసరి వినియోగం 2233 కెలోరీలు, పట్టణాలలో 2250. ఒకనాటి 2400, 2100 ప్రమాణాలతో పోలిస్తే గ్రామం వెనుకబడినట్లు, పట్టణం మించిపోయినట్లు కనిపిస్తుంది. గ్రామంలో ట్రాక్టర్లు, పంపుసెట్లు, రోడ్లు వచ్చి శ్రమ కొంత తగ్గిన మాట నిజమే. కానీ ఎవరికి తగ్గింది, ఎవరికి తగ్గలేదన్న ప్రశ్నకు సగటు సమాధానం చెప్పదు.

అందరికీ అయిదు కిలోలు

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం అర్హుడైన ప్రతి వ్యక్తికీ నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కుగా ప్రకటించింది. దాదాపు 81 కోట్ల మందికి ఈ ధాన్యాన్ని ఉచితంగా ఇచ్చే పథకాన్ని 2024 జనవరి 1 నుంచి అయిదేళ్లు పొడిగించారు. ఆకలిని నిలువరించడంలో దీని పాత్రను తక్కువ చేయలేము. కానీ అందులోని కొలత గమనించదగినది. అయిదు కిలోలంటే రోజుకు 166 గ్రాములు, సుమారు 580 కెలోరీలు. రెండేళ్ల బిడ్డకూ అంతే, రాళ్లు కొట్టే తండ్రికీ అంతే, పాలిచ్చే తల్లికీ అంతే. పంపిణీకి సులువు, అవినీతికి తక్కువ అవకాశం, లెక్క తేలిక. ఒకే కొలత అనుసరించడానికి ఇవి బలమైన కారణాలు. కానీ ఆ 580 కెలోరీలూ ధాన్యం నుంచే వస్తాయి. 2024 మార్గదర్శకాలు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదంటున్నాయి. మిగిలిన పప్పు, పాలు, కూరలు, పండ్లు బజారులో కొనుక్కోవలసిందే. దండిగా కూరగాయలు తినమన్న సలహా, కూలి డబ్బులతో కూర కొనలేని ఇంటికి శాస్త్రం కాదు, పరిహాసం.

కొన్ని పథకాలు తేడాలను గుర్తించాయి. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక పాఠశాల విద్యార్థికి 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత విద్యార్థికి 700 కెలోరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు నిర్దేశించారు. అంగన్‌వాడీలలో మామూలు బిడ్డకు 500, బాగా చిక్కిపోయిన బిడ్డకు 800, గర్భిణులకు, బాలింతలకు 600 కెలోరీల అదనపు ఆహారం ఇవ్వాలన్నది నియమం. కర్ణాటకలో బడి పిల్లలకు కోడిగుడ్డు పెడుతూ, గుడ్డు తినని వారికి అరటిపండో వేరుశనగ చిక్కీయో ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడే రేషన్‌లో దక్షిణ జిల్లాలకు రాగులు, ఉత్తర జిల్లాలకు జొన్నలు ఇచ్చారు. సంకల్పం ఉంటే పెద్ద పథకంలోనూ మనిషి రుచికి, నేలకు చోటు కల్పించవచ్చని ఇవి నిరూపిస్తున్నాయి.

ఇనుము చెప్పే పాఠం

ఒకే మందు అందరికీ అన్న విధానం ఎంత చిక్కుముడో ఇనుము చేర్చిన బియ్యం ఉదంతం తెలియజేస్తుంది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం రక్తహీనులని 2019-21 సర్వే తేల్చింది. ప్రభుత్వ పథకాల బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేరుస్తామని ప్రధానమంత్రి 2021 ఆగస్టు 15న ప్రకటించారు. నిబంధనల ప్రకారం కిలో బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు ఉండాలి. నెలకు 5 కిలోలు తినేవారికి ఈ బియ్యం నుంచి రోజుకు సుమారు 5 నుంచి 7 మిల్లీగ్రాములు అదనంగా లభిస్తుంది. ఇనుము చాలని స్త్రీకి ఇది మేలే.

కానీ అదే బియ్యం ఇనుము లోపం లేని పురుషుడి కంచంలోకీ వెళుతుంది. తలసీమియా రోగులకూ వెళుతుంది. పదేపదే రక్తం ఎక్కించుకునే ఆ రోగుల శరీరంలో ఇనుము ఇప్పటికే పేరుకుపోయి ఉంటుంది. సికిల్ సెల్ వ్యాధి ఆదివాసీ ప్రాంతాలలో అధికం. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాలతో పాటు మన మన్యంలోనూ ఉన్నది. ఈ రోగులకు హెచ్చరికను సంచులపై ముద్రించాలని 2018 నిబంధనలు విధించాయి. హెచ్చరిక సంచిపై ఉంటుంది, కార్డుదారుడికి అందేది విడిగా తూచిన బియ్యం అన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ బియ్యంతో వారికి హాని కలుగుతుందనడానికి ఆధారాలు లేవని నిపుణులు తేల్చారంటూ 2024లో ఆ హెచ్చరికను తొలగించారు. శాస్త్రీయ వివాదంలో ఎవరిది పైచేయి అయినా, ఒక విషయం స్పష్టం. ఎవరికి ఏ జబ్బు ఉన్నదో తెలియకుండా అందరికీ ఒకటే వడ్డించినప్పుడు, పరీక్షల బాధ్యత కూడా వడ్డించేవారిదే. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం ఆ పరీక్షలకు దారి తీయగలిగితే ఆహార పథకాలకూ అది దిక్సూచి అవుతుంది.

శరీరాలు వేరు, పట్టికలు ఒకటి

వ్యక్తుల తేడాలకు ఉదాహరణలు కొల్లలు. దక్కను పీఠభూమిలో జొన్నలు మాత్రమే తిని బతికే పేదలకు పెల్లగ్రా వ్యాధి సోకుతున్నదని గోపాలన్, శ్రీకాంతియా 1960లో వెల్లడించారు. జొన్నలలో ల్యూసిన్ అనే పదార్థం అధికంగా ఉండటం దీనికి కారణమని వారు ప్రతిపాదించారు. జొన్నలతో పాటు పప్పు, పాలు తినగలిగిన వారికి ఆ బెడద లేదు. దోషం గింజది కాదు, ఏకైక ఆహారంగా దానిపై ఆధారపడవలసి రావడానిది. చిరుధాన్యాలను సర్వరోగ నివారిణిగా కీర్తించే ఈ రోజులలో గుర్తుంచుకోదగిన సంగతి ఇది.

పాలు సంపూర్ణాహారమంటారు. పెద్దయ్యాక పాలలోని చక్కెరను జీర్ణించుకోలేనివారు ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఎక్కువ. పాలకన్నా వారికి పెరుగు, మజ్జిగే హితవు. ఉప్పు తగ్గించమన్న సలహా సర్వులకూ మంచిదే. కానీ మామూలు ఉప్పుకు బదులు పొటాషియం కలిపిన ఉప్పు వాడవచ్చని 2025 జనవరిలో సూచించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, అది మూత్రపిండాల జబ్బు గలవారికి, గర్భిణులకు, పిల్లలకు వర్తించదని మినహాయించింది.

బరువు విషయంలో 2004 నాటి ఉదాహరణ ప్రసిద్ధం. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ శరీరాలనే పోల్చి చూసుకున్నారు. ఎత్తుకు తగిన బరువు సూచిక ఇద్దరికీ 22.3. కానీ కొవ్వు యుడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడికి మధుమేహం ఎందుకు వస్తున్నదో ఈ ఒక్క పోలికతో లోకానికి అర్థమైంది. ఆసియావాసులకు సూచిక 23 దాటినప్పటి నుంచే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అదే సంవత్సరం సూచించారు. పాశ్చాత్య దేశాల సగటును మనకు తగిలిస్తే కలిగే నష్టం దీనితో తేటతెల్లమైంది.

జాతకం చెప్పే జన్యువులు

అలాగైతే ప్రతి మనిషికీ ప్రత్యేక ఆహార పట్టిక తయారు చేయవచ్చు కదా అన్న ఆలోచన విదేశాలలో బలపడింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2015లో 800 మందిని పరిశీలించగా, ఒకే ఆహారం తిన్నా రక్తంలో చక్కెర ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా పెరిగింది. ఒకరిలో అరటిపండు, మరొకరిలో బిస్కెట్ చక్కెరను పెంచాయి. బ్రిటన్‌లో సుమారు వెయ్యి మందిపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, జన్యువులన్నీ ఒకటే అయిన కవలలలో సైతం తేడాలు కనిపించాయి.

మరోవైపు, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందికి ఏడాది పాటు కొవ్వు తక్కువ ఆహారమో, పిండిపదార్థాలు తక్కువ ఆహారమో ఇచ్చి 2018లో ఫలితాలు ప్రకటించింది. రెండు బృందాలూ సగటున దాదాపు సమానంగా బరువు తగ్గాయి. ఎవరికి ఏ ఆహారం పనిచేస్తుందో జన్యు పరీక్ష ముందుగా చెప్పలేకపోయింది. తేడాలు ఉన్నాయనడం తేలిక, ఆ తేడాలను ముందుగా పసిగట్టడం కష్టం. ఒక నెత్తుటి బొట్టుతో, ఒక లాలాజల నమూనాతో జీవితకాలపు భోజన పట్టిక ఇస్తామనే వ్యాపార ప్రకటనలను ఈ దృష్టితోనే చూడాలి. పైగా వేల రూపాయల పరీక్షలు సంపన్నుడి కంచాన్ని సవరించగలవేమో గానీ, రేషన్ బియ్యంపై ఆధారపడిన కోట్లాది మందికి అవి దారి చూపలేవు.

మూడు మెట్ల దారి

సాధారణ మార్గదర్శకాలు వ్యర్థమని దీని అర్థం కాదు. వాటి పరిధిని గుర్తించాలన్నదే సారాంశం. వివేకంతో చూస్తే ఆహార సలహాలు మూడు మెట్లుగా కనిపిస్తాయి. తల్లిపాలు ఆరు నెలలు, రకరకాల ఆహారం, పాలిషు తక్కువ ధాన్యం, ఉప్పు, చక్కెర, నూనెలలో మితం మొదటి మెట్టు. ఇవి దాదాపు అందరికీ వర్తిస్తాయి. ఎంత తినాలన్నది రెండవ మెట్టు. వయసు, చేసే పని, గర్భం, ప్రాంతం దానిని నిర్ణయిస్తాయి. ఇక్కడ ఒకే అంకె పనికిరాదు, కనీసం అరడజను అంకెలైనా కావాలి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, సికిల్ సెల్, తలసీమియా మూడవ మెట్టు. అక్కడ మాట్లాడవలసింది పట్టిక కాదు, వైద్యుడు.

మొదటి మెట్టు ప్రచారంతో సాధ్యం. రెండవది పథకాలలో మార్పు కోరుతుంది. ధాన్యంతో పాటు పప్పు, నూనె, గుడ్డు అందాలి, శ్రమ ఎక్కువ చేసే కుటుంబానికి ఎక్కువ రావాలి, స్థానికంగా పండే పంటకు చోటుండాలి. మూడవది గ్రామంలోని ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేసే సాంకేతిక సిబ్బందిని, రోగితో రెండు నిమిషాలు మాట్లాడే తీరిక గల వైద్యుడిని కోరుతుంది. వీటిలో ఏది లోపించినా భారం మళ్లీ సగటు అంకె మీదే పడుతుంది.

కుటుంబంలో ఈ తేడాలను గుర్తించే బాధ్యత ఇన్నాళ్లూ తల్లులు మోశారు. పొలం నుంచి వచ్చినవాడికి మరో ముద్ద, జ్వరం తగిలినవాడికి జావ, బాలింతకు పథ్యం వారు పట్టిక చూసి వడ్డించలేదు. అయితే అదే ఇంటిలో అందరి తరువాత, మిగిలింది తిన్న మనిషీ ఆ తల్లే. స్త్రీలలో రక్తహీనత పురుషుల కన్నా రెట్టింపునకు పైగా ఉండటానికి శరీర ధర్మంతో పాటు ఈ ఆచారానికీ వాటా ఉన్నది. ఏ మార్గదర్శకమైనా ముందుగా పరిశీలించవలసినది ఆమె కంచాన్నే.